రంగం తాతయ్య పెట్టెలో దొరికిన బర్మా స్టార్ – ఇది ఆయనదేనని తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: కోనసీమ మనవరాలు

అందరికీ నమస్కారం. సైనిక పతకాల గురించి తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారన్న ధైర్యంతో అడుగుతున్నాను.

మాది కోనసీమ. మా అమ్మ తండ్రిగారిని ఊళ్లో అందరూ రంగం తాత అనేవారు. మా వైపు పాత తరం వారు రంగూనును రంగం అంటారనీ, ఒకప్పుడు కాకినాడ నుంచి ఓడెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ కూలికి వెళ్లినవారు చాలా ఇళ్లలో ఉండేవారనీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తాతయ్య అన్నగారు అలా వెళ్లినవారే. 1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకున్నప్పుడు ఆయన అస్సాం కొండల గుండా నడిచి, ఎముకల గూడుగా ఇల్లు చేరారని అమ్మమ్మ చెప్పేది. అందుచేత తాతయ్య కూడా అన్నగారి వెంట కూలికే వెళ్లారని బంధువులందరూ నమ్మారు. అమ్మమ్మ మాత్రం ఒకటి రెండుసార్లు "ఆయన మిలటరీలో ఉండేవారు" అన్నది. తాతయ్య ఆ రోజుల గురించి నోరు విప్పేవారు కాదు. ఆయన 1991లో కాలం చేసేనాటికి నాకు పన్నెండేళ్లు.

పోయిన నెలలో ఇల్లు మరమ్మతు చేయిస్తూ అటక మీది రేకు పెట్టె దించితే, అందులో పాత పంచె మడతల్లో చుట్టిన ఒక పటం దొరికింది. ఎర్రటి ముఖమల్ గుడ్డ మీద మూడు పతకాలు కుట్టి, అద్దం బిగించి ఉన్నాయి. మొదటి రెండూ ఇత్తడి రంగులో ఆరు కోణాల నక్షత్రాలు. రెండింటి మధ్యలోనూ కిరీటమూ, అల్లుకున్న ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. చుట్టూ ఉన్న వలయంలో ఒకదాని మీద 1939–1945 స్టార్ అనీ, రెండవదాని మీద బర్మా స్టార్ అనీ ఉంది. మొదటిదాని రిబ్బనులో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం పట్టీలు సమానంగా ఉన్నాయి. బర్మా స్టార్ రిబ్బనుకు మధ్యలో వెడల్పయిన ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలం నడుమ నారింజ గీత ఉన్నాయి. మూడవది తెల్లని లోహంతో చేసిన గుండ్రటి బిళ్ల. దాని మీద కిరీటం పెట్టుకున్న రాజుగారి తల ఉంది. రిబ్బను అంచుల్లో ఎరుపు, ఆ లోపల నీలం, నట్టనడుమ సన్నని ఎర్రగీతకు రెండు వైపులా తెల్లగీతలు ఉన్నాయి. మూడింటి మీదా ఎక్కడా పేరు కనిపించడం లేదు.

ఇప్పుడు ఇంట్లో వాదన మొదలైంది. పెద్ద మావయ్య, ఇవి యుద్ధం అయ్యాక మద్రాసు మూర్ మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్మేవారనీ, తాతయ్య సరదాపడి కొని ఉంటారనీ అంటున్నారు. మా అమ్మ, తనకు ఆరేడేళ్లప్పుడు పోస్టుమాను చిన్న అట్టపెట్టె తెచ్చి తాతయ్య చేత సంతకం పెట్టించుకున్నాడనీ, అందులో ఇవే ఉన్నాయనీ గట్టిగా చెబుతున్నది. అత్తయ్య వీటిని చింతపండు పెట్టి తోమితే మెరుస్తాయని ఇప్పటికే రెండుసార్లు అన్నది.

నా ప్రశ్నలు ఇవి. బర్మా స్టార్ శౌర్య పతకమా? దీన్నిబట్టి ఆయన రంగూనులో యుద్ధం చేశారని చెప్పవచ్చా? పేరు లేని పతకం ఆయనదేనని తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

ఇంకొక్క మాట. దీనికీ పతకాలకూ సంబంధం ఉందో లేదో తెలియదు. ఎంతకీ తెమలని పని గానీ, ఎంతకీ రాని బస్సు గానీ ఉంటే తాతయ్య "నూట తొమ్మిదో మైలు ఇంకా రాలేదు" అనేవారు. అది ఎక్కడి మాటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

జవాబు 1: నాణేలు పతకాలు

అమ్మా, అన్నిటికన్నా ముందు మీ అత్తయ్యగారిని చింతపండు దగ్గరకు వెళ్లనివ్వకండి. ఆ నక్షత్రాలు రాగి, జింకు కలిపి చేసినవి. పులుపు తగిలితే రాగి బయటపడి ఎర్రబారుతుంది. ముగ్గుపిండితో రుద్దితే గీతలు అరిగిపోతాయి. అరిగిపోకూడనిది ఏమిటో కింద చెబుతాను.

మీ మొదటి ప్రశ్న చాలామందికి ఉన్న అపోహ నుంచి వచ్చింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. సైనిక పతకాలలో ఒక తెగ శౌర్యానికి ఇచ్చేవి. విక్టోరియా క్రాసు, మిలటరీ మెడలు, ఇప్పటి పరమవీర చక్ర వంటివి ఆ కోవకు చెందుతాయి. మరొక తెగ ఫలానా యుద్ధరంగంలో, ఫలానా తేదీల మధ్య సేవ చేసిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేవి. బర్మా స్టార్ ఈ రెండవ తెగలోది. బర్మా రంగంలో పధ్నాలుగవ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్‌కూ అదే, ఆయన సైన్యంలో వంట చేసిన మనిషికీ అదే. అందుకని దాన్ని తక్కువగా చూడనవసరం లేదు. శౌర్య పతకం ఒక మనిషి ఒక రోజు చేసిన పనిని చెబుతుంది. ఇది ఆ మనిషి ఎప్పుడు, ఎక్కడ ఉన్నాడో చెబుతుంది. మీకు కావలసినది కూడా అదే కదా.

నియమాలు ఇవి. బర్మాలో 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు యుద్ధ విధుల మీద అడుగుపెట్టిన సైనికులకు బర్మా స్టార్ వస్తుంది. ఇన్ని నెలలు ఉండాలన్న షరతు పదాతి దళాలకు గానీ వారి సహాయ దళాలకు గానీ లేదు. అయితే ఒక ముఖ్యమైన విషయం ఉంది. బర్మా సరిహద్దు దాటనివారికి కూడా ఇది రావచ్చు. 1942 మే 1 నుంచి 1943 చివరి వరకు బెంగాల్‌లోనో అస్సాంలోనో యుద్ధ విధుల్లో ఉన్నవారు అర్హులు. 1944 జనవరి 1 నుంచి ఆ గీతను జరిపి, ఆ రాష్ట్రాలలో బ్రహ్మపుత్రకు తూర్పున ఉన్నవారికే పరిమితం చేశారు. అంటే దిమాపూర్‌లోనో ఇంఫాల్‌లోనో పనిచేసి, రంగూను ముఖం చూడకుండానే ఇంటికి వచ్చిన వారి ఛాతీ మీద కూడా ఇదే నక్షత్రం ఉంటుంది. కాబట్టి కేవలం దీన్ని చూసి ఆయన రంగూనులో పోరాడారని చెప్పలేము.

1939–1945 స్టార్‌కు మాత్రం సామాన్యంగా ఆరు నెలల యుద్ధరంగ సేవ ఉండాలి. గాయపడి మధ్యలోనే వెనక్కి వచ్చినవారి వంటి కొందరికి మినహాయింపు ఉంది. రెండూ పక్కపక్కన ఉన్నాయంటే, మీ తాతగారు ఒక వారం అటు తొంగిచూసి వచ్చినవారు కాదు, కనీసం ఆరు నెలలు అక్కడే ఉన్నారని అనుకోవడానికి మంచి ఆధారం దొరికినట్టే. మూడవది వార్ మెడల్. యుద్ధకాలంలో 28 రోజుల పూర్తికాలపు కొలువు చేసిన వారికి ఇచ్చారు. రాజుగారి తల ఇండియా సర్వీస్ మెడల్ మీద కూడా ఉంటుంది కాబట్టి ముందు వైపు చూసి పొరబడటం సులభం. కానీ దాని రిబ్బను నీలాల కలయిక. మీరు చెప్పిన ఎరుపు, నీలం, తెలుపు వార్ మెడల్‌వే. వెనక వైపు రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడిన సింహం కనిపిస్తుంది. రిబ్బనుల రంగుల్లో కూడా అర్థం ఉంది. 1939–1945 స్టార్ మీది మూడు పట్టీలు నౌకాదళం, సైన్యం, వైమానిక దళం. ఈ రిబ్బనులను ఆరవ జార్జి స్వయంగా రూపొందించారని చెబుతారు. నక్షత్రం మధ్యలో అల్లుకున్న అక్షరాలు ఆయన రాజముద్రే.

ఇక మీ చివరి ప్రశ్న. బ్రిటిషు ప్రభుత్వం రెండవ ప్రపంచ యుద్ధపు పతకాలను పేర్లు చెక్కకుండానే తన సైనికులకు పంచింది. చాలా దేశాలు దాన్నే అనుసరించాయి. పేర్లు వేయించి ఇచ్చినవి మూడే మూడు: దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, భారతదేశం. భారత సైనికుల నక్షత్రాలకు వెనక వైపున వారి నంబరు, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. గుండ్రటి పతకానికైతే అంచు చుట్టూ ఉంటాయి. మీరు చూసింది ముందు వైపు మాత్రమే. పటం విప్పించి, కుట్లు ఊడదీసి, తిప్పి చూడండి. ముగ్గుపిండితో అరిగిపోయేది ఆ అక్షరాలేనమ్మా. అందుకే ముందే హెచ్చరించాను.

వెనక ఖాళీగా ఉంటే మీ మావయ్యగారి అనుమానానికి కొంత బలం వస్తుంది. పేరు మరొకరిదైతే అది ఎవరి ఇంటిదో వెతకవలసిన బాధ్యత మీ మీద పడుతుంది. మీ తాతగారి పేరే ఉంటే వాదన ముగిసినట్టే. నంబరూ పేరూ మాత్రం పూర్తిగా ఇక్కడ రాయకండి.

కోనసీమ మనవరాలు

మీ జవాబు చదివిన మర్నాడే పటం విప్పించాను. పటం కట్టినవారు ముఖమల్ గుడ్డ వెనక అట్టకు జిగురు పూసి ఉండటంతో, ఒక్కొక్క కుట్టూ సూదితో ఎత్తి కత్తిరించడానికి ఒక పూట పట్టింది. అమ్మ పక్కన కూర్చుని భూతద్దం పట్టుకుంది.

మూడింటి మీదా తాతయ్య పేరు ఉంది. మొదట నంబరు, దాని తరువాత ఎస్.ఇ.పి. అనే మూడు అక్షరాలు, ఆయన ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, చివర ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉన్నాయి. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మనం దీర్ఘం పెట్టే చోట వారు పొట్టి అక్షరం వేశారు. నంబరుకు ముందు ఎం.టి.తో మొదలయ్యే అక్షరాలు ఉన్నాయి. బర్మా స్టార్ మీది అక్షరాలు మిగిలిన రెండింటికన్నా లోతుగా దిగాయి. వేలితో తడిమితే తెలుస్తున్నాయి. అమ్మ చాలాసేపు అలా తడుముతూనే కూర్చుంది.

మావయ్యకు ఫోను చేసి చెప్పాను. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నాన్న మాతో ఒక్కసారైనా చెప్పాల్సింది" అన్నారు.

పెట్టె అడుగున ఒక కాగితం కూడా దొరికింది. చెదలు సగానికి పైగా తినేశాయి. చేరిన సంవత్సరం 1942 అనీ, ఊరు అమలాపురం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా అనీ చదవగలిగాము. 1942 అనగానే అమ్మకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు తాతయ్య కాకినాడలోనే ఒక కొట్టులో గుమాస్తాగా ఉన్నారట. అన్నగారు రంగం నుంచి ఇంకా తిరిగిరాలేదట. ఆ తరువాత కొద్ది నెలలకే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారని అమ్మమ్మ అనేదట. ఇల్లు విడిచి రంగం పారిపోయారన్న మాట అప్పుడే పుట్టిందేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే ఏ దళం? ఎస్.ఇ.పి., ఎం.టి. అన్న అక్షరాలకు అర్థం ఏమిటి?

జవాబు 2: విశ్రాంత సుబేదారు, ఎ.ఎస్.సి.

అమ్మాయి గారూ, మీ తాతగారిదీ నాదీ ఒకే దళం. అందుకని ఇది చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. గణతంత్రం వచ్చాక రాయల్ అన్న మాట పోయి ఆర్మీ సర్వీస్ కోర్ అయింది. నేను చేసిన ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీ అందులోనే. ఎస్.ఇ.పి. అంటే సిపాయి. ఎం.టి. అంటే మెకానికల్ ట్రాన్స్‌పోర్టు, అంటే మోటారు బండ్ల విభాగం. మీ తాతగారు లారీ డ్రైవరు అయ్యుండాలి. ఆ విభాగంలో క్లీనర్లూ, ఫిట్టర్లూ కూడా ఉండేవారు కనుక ఖాయంగా చెప్పను గానీ, ఎక్కువమంది డ్రైవర్లే. వారిలో చాలామందికి పటాలంలోకి వచ్చేనాటికి సైకిలు తొక్కడం కూడా రాదు. యుద్ధం మొదలైనప్పుడు సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం ముగిసేసరికి 25 లక్షలయింది. అందులో మన మద్రాసు రాష్ట్రం వారు మోటారు బండ్లలోనూ, ఇంజనీర్లలోనూ, పయనీర్లలోనూ, వైద్య దళంలోనూ ఎక్కువగా చేరారు. తుపాకీ పట్టిన పటాలాల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి గానీ, ఈ దళాల గురించి ఒక పేరా రాసినవారు కూడా తక్కువ.

ఇక నూట తొమ్మిదో మైలు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. దిమాపూర్ నుంచి కొహిమా మీదుగా ఇంఫాల్ వెళ్లే దారిలో మైలురాళ్లు దిమాపూర్ నుంచి లెక్క. కొహిమా 46వ మైలు. ఇంఫాల్ దాదాపు 130 మైళ్లకు పైనే. ఆ దారికి సరుకు రైలు దిగేది దిమాపూర్‌లోనే. పధ్నాలుగవ సైన్యంలో ఇంఫాల్ వైపు ఉన్నవారికి తిండి, పెట్రోలు, తుపాకీ గుండ్లు, మందులు అన్నీ ఆ ఒక్క దారినే లారీల మీద పైకి వెళ్లాలి. 1944 మార్చి ఆఖరున జపాను సైన్యం ఆ దారిని కోసేసింది. ఇంఫాల్ మైదానంలో మనవారు చిక్కుబడిపోయారు. అప్పటి నుంచి దాదాపు మూడు నెలలు వారికి తిండి విమానాల్లోనే వెళ్లింది. అలా ఇంఫాల్‌కూ కొహిమాకూ సుమారు 19,000 టన్నుల సరుకు దింపారు. తిరుగు విమానాల్లో 13,000 మంది క్షతగాత్రులనూ, పోరాటానికి పనికిరాని 43,000 మందినీ బయటికి చేరవేశారు. చివరకు కొహిమా వైపు నుంచి వచ్చిన రెండవ డివిజనూ, ఇంఫాల్ వైపు నుంచి వచ్చిన అయిదవ ఇండియన్ డివిజనూ 1944 జూన్ 22న కలుసుకున్నాయి. వారు కలుసుకున్న చోటు 109వ మైలురాయి.

అప్పుడు లోపల ఇరుక్కున్నవారికీ, దిమాపూర్‌లో బండ్లు సరుకుతో నింపుకుని దారి ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూస్తున్నవారికీ ఆ అంకె ఎటువంటిదో ఊహించుకోండి. మీ తాతగారు అటు ఉన్నారో ఇటు ఉన్నారో నేను చెప్పలేను. ఆ మాట మాత్రం ఎక్కడో విని నేర్చుకున్నది కాదని నా నమ్మకం.

ఆ దారి నాకు బాగా తెలుసు. 1984 నుంచి రెండేళ్ల పాటు వారానికి మూడుసార్లు కాన్వాయితో ఎక్కి దిగాను. నీచుగార్డు దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. జుబ్జా, కొహిమా, మావో, మరాం, కరోంగ్, కాంగ్‌పోక్పి, అక్కడి నుంచి పల్లం. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ. జూన్ నెలలో వాన పడుతుంటే కొండచరియ మొత్తంగా బురదై రోడ్డు మీదికి జారుతుంది. స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలుపు తెరిచి, చక్రం అంచుకు ఎంత దగ్గరగా ఉందో వంగి చూసుకుంటూ నడిపేవాళ్లం. తలుపు మూయకూడదని మా ఉస్తాదు నేర్పాడు, బండి జారితే దూకడానికి. మాకు తారు రోడ్డూ, పవర్ స్టీరింగూ ఉన్నాయి. వారికి మట్టి రోడ్డు, మూడు టన్నుల బండ్లు, రాత్రిళ్లు లైట్లు వేయకుండా ప్రయాణం. పాత డ్రైవర్లకు భుజాలు ఎందుకు అరిగిపోయేవో ఆ దారి మీద బండి నడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రికార్డుల సంగతి. బెంగళూరులో ఎ.ఎస్.సి. రికార్డ్స్ (సౌత్) ఉంది. మీరు నేరుగా రాయవచ్చు గానీ, మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే కాగితం దారి తప్పదు. నంబరు పతకం వెనక ఉన్నట్టే, ముందున్న ఎం.టి. అక్షరాలతో సహా రాయండి. పేరు వారు వేసిన తప్పు అక్షరంతోనూ, మీరు రాసే సరైన అక్షరంతోనూ రెండు విధాలా ఇవ్వండి. తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా, మద్రాసు రాష్ట్రం అని రాయండి. ఇప్పటి జిల్లా పేరు రాస్తే గుమాస్తా వెతకలేడు. యుద్ధకాలపు కాగితాలు ఎన్నో పోయాయి కాబట్టి మరీ ఆశ పెట్టుకోకండి. దొరికితే మాత్రం చేరిన తేదీ, విడుదల తేదీ, ఏ కంపెనీ అన్నది తెలుస్తుంది. కంపెనీ నంబరు తెలిస్తే ఆయన ఏ డివిజను వెనక నడిచారో చెప్పే ప్రయత్నం నేను చేస్తాను.

జవాబు 3: పాతబస్తీ నుంచి

ఈ సంభాషణ చదివి మా ఇంట్లో ఉన్న నక్షత్రం తీసి తిప్పి చూశాను. ఇన్నేళ్లుగా మేము కూడా బర్మా స్టార్ అనే అనుకుంటున్నాము. చూస్తే పసిఫిక్ స్టార్. రిబ్బను ముదురు ఆకుపచ్చ, అంచుల్లో ఎరుపు, నడిమి గీత పసుపు. మా ముత్తాతగారు నిజాం ప్రభువు సైన్యంలో, ఒకటవ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీలో ఉండేవారు. ఆ పటాలాన్ని మలయాకు పంపి, కోటాబారు విమానాశ్రయం కాపలాకు పెట్టారు. 1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాను సైన్యం దిగినది ఆ ఒడ్డునే. ఆ పోరులోనే పటాలం కమాండరు ప్రాణాలు కోల్పోయారు. మా ముత్తాతగారు సింగపూరులో చిక్కి, మూడున్నరేళ్లు బందీగా ఉండి, పళ్లన్నీ ఊడిపోయి తిరిగి వచ్చారు.

నాకు ఒక సందేహం. మలయాలో పనిచేసిన మరొక బంధువు నక్షత్రానికి రిబ్బను మీద బర్మా అని చిన్న లోహపు పట్టీ ఉంది. అది నకిలీదా?

నాణేలు పతకాలు

నకిలీది కాదు. పసిఫిక్ స్టార్‌కూ బర్మా స్టార్‌కూ రెండింటికీ అర్హులైన వారికి రెండు నక్షత్రాలు ఇవ్వలేదు. ముందు ఏది సంపాదించారో అది ఇచ్చి, రెండవదాని పేరుతో పట్టీ ఇచ్చారు. మీ బంధువు మలయా నుంచి ఎలాగో బయటపడి, తరువాత బర్మా రంగానికి వెళ్లి ఉండాలి. ఆ పట్టీని ఊడదీయకండి, రిబ్బను పాతబడినా మార్చకండి.

కోనసీమ అమ్మాయి గారూ, సుబేదారు గారు చెప్పినదానికి ఒక చిన్న జాగ్రత్త కలుపుతాను. నూట తొమ్మిదో మైలు మాట విన్నప్పుడు నాకూ మనసు కదిలింది. అయినా మీరు కుటుంబ చరిత్ర రాసుకుంటే రెండు రకాల విషయాలనూ వేరువేరుగా రాయండి. లోహం మీద ఉన్నది రుజువు: ఆయన సిపాయి, మోటారు విభాగం, బర్మా రంగం, సామాన్యంగా ఆరు నెలలకు తగ్గని సేవ. ఆ సామెత బలమైన సూచన మాత్రమే. ఆ దారి తెరుచుకున్న వార్త ఆనాడు ఆ రంగంలో ఉన్న ప్రతి డ్రైవరు నోటా పలికి ఉంటుంది. ఆ తరువాత వచ్చి చేరినవారు కూడా ఆ మాట నేర్చుకుని ఉండవచ్చు. ఇదే విధంగా రంగూను సంగతి. 1944 వానాకాలం తరువాత సైన్యం ముందుకు కదిలి, డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన (ఇనుప ముక్కలు బిగించి కట్టేది) వేసింది. మార్చిలో మాండలే, మే మొదట్లో రంగూను చేతికి వచ్చాయి. సరుకు లారీలు ఆ సైన్యం వెంటే నడిచాయి కాబట్టి మీ తాతగారు రంగూను దాకా వెళ్లి ఉండవచ్చు, కలేవా దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు, దిమాపూర్ దాటకపోయి ఉండవచ్చు. మూడింటికీ నక్షత్రం ఒక్కటే. కాగితం దొరికితే తప్ప తేలదు.

ఇంకొక విషయం. కొహిమా యుద్ధ స్మశానంలో 1,420 సమాధులూ, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లూ ఉన్నాయి. బతికి ఇల్లు చేరిన వారి పేర్లు ఏ రాతి మీదా లేవు. మీ తాతగారి వంటి మామూలు సిపాయి పేరు ప్రభుత్వం చెక్కించిన చోటు ఈ మూడు బిళ్లల మీదే. అమ్మకానికి ఎవరైనా అడిగితే, ఎంత ఇస్తామన్నా ఆలోచించకండి. విడివిడిగా అన్నదమ్ముల మధ్య పంచుకోకండి కూడా. మూడూ కలిసి ఉంటేనే చెప్పగలిగినది చెబుతాయి.

కోనసీమ మనవరాలు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సుబేదారు గారూ, మీరు తలుపు తెరిచి నడపడం గురించి రాసినది అమ్మకు చదివి వినిపించాను. తాతయ్యకు మా ఊరి బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం ఇష్టం ఉండేది కాదట. ఎప్పుడూ తలుపు దగ్గరి సీటే కావాలనేవారట. దాన్ని ముసలితనపు చాదస్తమని అందరూ విసుక్కునేవారట. నాణేలు పతకాలు గారు చెప్పినట్టు దీన్ని కూడా సూచనల వైపే రాసుకున్నాను.

సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉత్తరం ఇచ్చి వచ్చాను. అక్కడి ఉద్యోగి నంబరును రెండుసార్లు సరిచూసుకుని, పేరు రెండు విధాలా రాయించుకున్నారు. జవాబు రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చన్నారు. వస్తే ఇక్కడే రాస్తాను.

పంచుకునే మాట మావయ్యే ముందు తీశారు, మూడూ అమ్మ దగ్గరే ఉండాలని. వచ్చే ఆదివారం తాతయ్య తద్దినానికి అందరం ఊళ్లో కలుస్తున్నాము. ఈసారి పటానికి ముఖమల్ గుడ్డా, జిగురూ వద్దని చెప్పాను. రెండు వైపులా అద్దం బిగించి, నక్షత్రాలను అంచుల దగ్గర మాత్రం సన్నని దారంతో పట్టి ఉంచమన్నాను. పటాన్ని తిప్పితే పేరు చదవడానికి వీలుండాలి.